నందనవనంలోని కోనేటికి పట్టిన పాచి

అంతకు ముందటి ఏడు కార్తికమాసంలో దీపం వదలడానికి వచ్చిన ఒక భక్తురాలు కోనేటి మెట్ల మీద నిలబడి, నీటివైపు ఒక్కసారి చూసి, చేతిలోని అరటి దొప్పను వెనక్కు తీసుకున్నారు. "ఈ పచ్చనీటిలోనా అండీ దీపం వదలడం?" అని ఆమె అడిగారు. ఆ మాటకు ఆనాడు నా వద్ద సమాధానం లేదు. ఆ తరువాత ఎందరో భక్తులు ఇదే ప్రశ్న వేశారు. కొందరు దాతలు "మందు ఖర్చు మేము భరిస్తాము, శుభ్రం చేయించండి" అని కూడా ముందుకు వచ్చారు. వారందరికీ విడివిడిగా చెప్పడం సాధ్యం కాదు కనుక, జరిగినది జరిగినట్లు ఈ పత్రిక ద్వారా విన్నవించుకొంటున్నాను.

నేను సైన్సు ఉపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేసి, సీతంపేట కొండలలోని మన శివాలయంలో నందనవనం పర్యవేక్షణను సేవగా స్వీకరించినవాణ్ణి. ఈ కోనేరు పెద్దది కాదు. ముప్పై అడుగుల చదరం, నాలుగడుగుల లోతు, నిండితే సుమారు 1 లక్ష లీటర్ల నీరు. పైన ఉన్న గెడ్డ నుండి వచ్చే సన్నని ధార దీనికి ఆధారం. స్వామివారి పూజకు కావలసిన మల్లె, నందివర్ధనం, మారేడు మొక్కలకు తడి ఇక్కడి నుండే అందుతుంది. పాలకొండ, కొత్తూరు వైపుల నుండి వచ్చే యాత్రికులు కాళ్ళు కడుక్కొని కాసేపు కూర్చునేదీ ఈ గట్టు మీదనే.

మనం "పాచి" అని ఒకే మాటతో పిలిచేది నిజానికి ఒకటి కాదు. నీరంతా పెసరకట్టులా పచ్చబడి అడుగు మెట్టు కనబడకుండా పోతే, అది కంటికి కనిపించనంత సూక్ష్మమైన ఏకకణ శైవలాల గుంపు. మెట్లను, రాళ్ళను పట్టుకొని పట్టుదారాల వలె సాగేది రెండవ రకం. దీనిని దారపు నాచు అనవచ్చు. మూడవది పచ్చటి రంగు నూనె ఒలికినట్లు నీటి పైన తెట్టుగా తేలేది. చూపుకు పాచి వలెనే ఉన్నా ఇది అసలు శైవలమే కాదు, నీలిహరిత వర్ణపు బాక్టీరియా. దీనిలో కొన్ని జాతులు కాలేయానికి, నరాలకు హాని చేసే విషాలను విడుస్తాయి.

ఏ రకమో గుర్తించడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక కర్రను నీటిలో తిప్పి పైకి తీయండి. దారాలు చుట్టుకొని వస్తే దారపు నాచు. కర్రకు రంగు పూసినట్లు అంటుకుంటే తెట్టు రకమని అనుమానించాలి. గాజు సీసాలో ముప్పాతిక వంతు నీరు నింపి, మూత పెట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచడం ఇంకొక పద్ధతి. ఉదయానికి పచ్చదనం పైకి తేలి వలయంగా నిలిస్తే మూడవ రకం ఉన్నట్లు భావించి, ఆ నీటిని పశువులకు కూడా పెట్టరాదు. మన కోనేటి నీటిని నేను ఇప్పటికి ఎన్నోసార్లు ఇలా పరీక్షించాను. ఇక్కడ మొదటి రెండు రకాలే ఉన్నాయి. అయినప్పటికీ ఏ నిలువ నీటినీ తీర్థంగా నోట పోసుకోవద్దని భక్తులకు మనవి. స్వామివారి తీర్థం బావి నీటితో సిద్ధం చేస్తున్నాము.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. పోయిన వైశాఖంలో ఎండలు ముదిరి, గెడ్డ ధార సన్నగిల్లి, నీరు చిక్కటి ఆకుపచ్చ అయింది. ఉత్సవానికి పది రోజులే ఉన్నది. నలుగురూ అడుగుతున్నారన్న తొందరలో మైలుతుత్తం తెచ్చి, నీటిలో కరిగించి, నా చేతులతోనే కోనేరంతా చల్లాను. రెండు రోజులలో పచ్చదనం విరిగి నీరు గోధుమ వన్నెకు మారింది. నా ఉపాయం ఫలించిందని లోలోపల గర్వించాను కూడా. మూడవనాటి తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్ళేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. పిల్లలు మరమరాలు వేసి పెంచుకున్న చేపలవి. అర్చకస్వామి మాట్లాడకుండా వచ్చి, నాతో పాటు బుట్ట పట్టి వాటిని తీయించారు. ఆ ఉదయం నన్ను ఎవరూ నిందించలేదు. నిందించి ఉంటే కొంత తేలికగా ఉండేది.

బడిలో పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ ఏళ్ళ తరబడి బోధించిన నాకు అక్కడ జరిగినది అర్థం కాకపోవడానికి కారణం లేదు. పాచి పగలు ఎండలో ప్రాణవాయువును విడుస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. అందువలన పాచి పట్టిన నీటిలో ప్రాణవాయువు సూర్యోదయానికి కొంచెం ముందు అతి తక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయంటే అది ఆటకాదు, ఆయాసం. అటువంటి నీటిలో పాచినంతా ఒక్కసారిగా చంపితే, చచ్చిన పాచి కుళ్ళుతూ మిగిలిన ప్రాణవాయువును కూడా లాగేసుకుంటుంది. దానికి తోడు మైలుతుత్తంలోని రాగి స్వయంగా చేపలకు విషం. ఖనిజ లవణాలు తక్కువగా ఉన్న మెత్తని నీటిలో ఆ విషం మరింత తీవ్రం. మా గెడ్డ నీటిలో సబ్బు రుద్దీ రుద్దకుండానే నురుగు వస్తుంది, అంటే అది మెత్తని నీరే. పైగా రాగి ఎండకు ఆవిరయ్యేది కాదు, కుళ్ళి పోయేదీ కాదు. అడుగు బురదలో చేరి అక్కడే ఉండిపోతుంది. బ్లీచింగ్ పౌడరు గురించి అడిగేవారికీ ఇదే సమాధానం. ఖాళీ చేసిన తొట్టెను కడగడానికి అది పనికివస్తుంది కానీ, ప్రాణులున్న నీటిలో చల్లడానికి కాదు.

అంత చేసిన తరువాత నెల తిరగకుండానే నీరు మళ్ళీ పచ్చబడింది. చచ్చిన పాచిలోని సారం ఎక్కడికీ పోలేదు. అదే నీటిలో కరిగి కొత్త పాచికి ఆహారమైంది.

నందనవనంలో పనిచేసే సవర మహిళ ఒకామె ఆ రోజులలోనే ఒక మాట అన్నది. "మాస్టారూ, ఈ పచ్చనీలు పోసిన మడికే మల్లెలు ఎక్కువ పూస్తన్నాయి. తోటకి ఎయ్యాల్సిన ఎరువు కోనేట్లోకి పోతంది కదా!" ఆమె దానిని ఫిర్యాదుగా అన్నది, ఎరువు వృథా అవుతున్నదని. నాకు మాత్రం నేను వెదుకుతున్న దారి అక్కడ కనిపించింది.

పాచికి కావలసినవి ఎండ, కదలిక లేని నీరు, ఆహారం. మొదటి రెండింటినీ మనం కొంతవరకే మార్చగలం. ఆహారంలో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరం. మంచినీటిలో సాధారణంగా అన్నింటికంటే అరుదుగా దొరికేది భాస్వరం. కనుక పాచి ఎంత పెరగాలో చాలాచోట్ల అదే నిర్ణయిస్తుంది. 1973లో కెనడాలోని అంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీనిని కళ్ళకు కట్టినట్లు నిరూపించారు. ఒక చిన్న సరస్సును నడుమ తెర కట్టి రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు. రెండవ భాగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన భాగం కొద్ది వారాలలో పచ్చగా మారింది, రెండవది తేటగానే ఉన్నది. ఆకాశం నుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రం చూసినవారికి ఇక వివరణ అక్కరలేదు.

మరి మన కోనేటికి భాస్వరం ఎక్కడిది? కాగితం తీసుకొని లెక్క వేశాను. ఒక లీటరు ఆవుపాలలో దాదాపు 1 గ్రాము భాస్వరం ఉంటుంది. ఒక గ్రాము భాస్వరంతో, మిగిలినవి అందుబాటులో ఉంటే, 100 గ్రాములకు పైగా ఎండు పాచి తయారవుతుంది. కార్తిక సోమవారం నాడు 20 లీటర్ల పాలతో అభిషేకం జరిగి, ఆ పాలన్నీ కోనేటికి చేరితే, ఒక్క రోజులో రెండు కిలోల ఎండు పాచికి సరిపడే ఆహారం అందినట్లు. తడి పాచి బరువు దానికి ఎన్నో రెట్లు. ఐదు సోమవారాలు వస్తే మరి చెప్పనక్కరలేదు. దీనికి పెరుగు, తేనె, పంచదార, నిర్మాల్యపు పూలు, భక్తులు చేపలకు వేసే మరమరాలు, బిస్కట్లు తోడు. వానాకాలంలో పూలమడుల పశువుల ఎరువు కడిగినట్లు వాలులోకి జారి కోనేటిలో కలుస్తుంది. చేప ఎంత తిన్నా అందులో అధిక భాగం మలంగా నీటికే తిరిగి ఇస్తుందని కూడా మరువరాదు.

అంటే భక్తితో సమర్పించినదే కోనేటిని పచ్చగా చేస్తున్నది. ఈ మాట చెప్పడానికి నాకు కొన్ని వారాలు ధైర్యం చాలలేదు.

దానికి ఒక కారణం కూడా ఉన్నది. గర్భాలయం నుండి అభిషేక జలాన్ని కోనేటికి తీసుకువెళ్ళే రాతికాలువ ఒక దాత కుటుంబం వారు తమ తండ్రిగారి పేరున కట్టించినది. ఆ పేరు రాతి మీద చెక్కి ఉన్నది. అభిషేక జలాన్ని ఎవరూ తొక్కరాదన్న సదుద్దేశంతోనే వారు దానిని కోనేటిలోకి మళ్ళించారు. ఇప్పుడు ఆ కాలువను పక్కకు తిప్పాలని అడగడానికి అర్చకస్వామి, నేను కలిసి వారి ఇంటికి వెళ్ళాము. పెద్దాయన విన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి వచ్చి, "పేరు తీసేయాలా స్వామీ?" అని మాత్రం అడిగారు. పేరు తీయనక్కరలేదని, ఆ రాయి కాలువ వెంటనే కదులుతుందని అర్చకస్వామి చెప్పారు. ఇప్పుడు అభిషేక జలం మారేడు చెట్టు, కొబ్బరి చెట్ల పాదులలోకి పోతున్నది. పాదుల చుట్టూ రాతి కట్టు ఉండడం వలన ఎవరి పాదమూ సోకదు. ఆ పేరున్న రాయి మారేడు మొదట నిలిచి ఉన్నది. కొత్త మళ్ళింపు ఖర్చు కూడా ఆ కుటుంబం వారే ఇచ్చారు.

ఆపైన మిగిలిన పనులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. నిర్మాల్యానికి వెదురు గంపలు పెట్టాము. అవి నిండగానే కంపోస్టు గుంటకు పోతాయి. తోటవైపు గట్టును జానెడు ఎత్తు పెంచి, దాని వెనుక చిన్న కందకం తీయించడంతో వాననీరు ఎరువుతో సహా కోనేటిలో పడడం ఆగింది. కార్తిక దీపాలకు మెట్ల పక్కనే వెడల్పాటి గంగాళాలలో నీరు నింపి ఉంచాము. దీపపు నూనె నీటిపై పొరగా పరుచుకొంటే గాలిలోని ప్రాణవాయువు లోపలికి దిగదు, అది వేరొక బాధ. గంగాళంలో దీపమేమిటని కొందరు నొచ్చుకున్నారు. గంగాళంలో ఉన్నా అది జలమేనని, సంకల్పం చెప్పించి అర్చకస్వామియే ముందుగా దీపం వదిలారు.

ఫాల్గుణంలో పూడిక తీయించాము. ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లని బురద మోకాటి లోతు ఉన్నది. పైనుండి వచ్చే ఆహారాన్ని ఎంత ఆపినా, అడుగు బురదలో నిలువ ఉన్న భాస్వరం వేసవిలో మళ్ళీ నీటిలోకి విడుదల అవుతుంది. కనుక ఈ పని తప్పదు. మామూలుగా అయితే ఇటువంటి బురద తోటకు బంగారం. మా బురదలో నేను చల్లిన రాగి ఉన్నది కనుక, పూలమడులకు వేయక దూరంగా గుంట తీసి పూడ్పించవలసి వచ్చింది. మంచి ఎరువు అలా మట్టిపాలు కావడం తోట మహిళలకు ఎంతమాత్రం నచ్చలేదు.

మెట్లకు పట్టే దారపు నాచుకు చేతిపనిని మించిన మందు లేదు. గరుకైన వెదురు కర్రను ముంచి, నూలు వడికినట్లు తిప్పితే నాచు దానికి చుట్టుకుంటుంది. తీసిన నాచును గట్టు మీద కుప్పగా వదిలితే దాని సారం కారి తిరిగి కోనేటికే చేరుతుంది. వెంటనే కంపోస్టు గుంటకు తీసుకుపోవాలి. ఒక గంప నాచు బయటికి పోయిందంటే అంత భాస్వరం కోనేటిని విడిచి పోయినట్లే. తోటకు తడి కూడా ఇప్పుడు రోజూ కోనేటి నుండే తోడుతున్నాము. ఆ మేరకు గెడ్డ నీరు కొత్తగా వచ్చి చేరుతుంది. సారమున్న నీరు మల్లెలకు, తేటనీరు కోనేటికి. ఆ సవర మహిళ చూసి చెప్పినదే ఇది.

నీడ కోసం ఒక మూల కలువలు, ఇంకొక మూల తామర నాటాము. ఆకులు నీటిపై సగం వరకు పరుచుకొంటే పాచికి ఎండ తగ్గుతుంది. వేళ్ళు కూడా అదే ఆహారాన్ని తాము తీసుకుంటాయి. సగానికి మించనివ్వరాదు. తామర ఒకసారి పట్టు దొరికితే కోనేరంతా తనదే అంటుంది. అందుకే దానిని తొట్లలో నాటి దించాము. పండిన ఆకులను నీటిలోనే కుళ్ళనివ్వక కోసి తీయాలి. గుర్రపుడెక్కను మాత్రం "పూవు అందంగా ఉన్నది" అని ఎవరూ తెచ్చి వేయవద్దు. దాని సంగతి మన జిల్లాలలోని చెరువులను చూసినవారికి తెలుసు.

పెద్దలు కొందరు చిల్లగింజ సంగతి గుర్తు చేశారు. చిల్లగింజను అరగదీసి కలిపితే బురదనీరు తేరుకొంటుందన్నది నిజం. సుశ్రుతుడి కాలం నుండి తెలిసినదే. ఆ గింజ పేరు పలికినంత మాత్రాన నీరు తేటబడదని మనుస్మృతి కూడా దానినే ఉపమానంగా చెప్పింది. అయితే అది కడవలో మట్టిని అడుగుకు దించే ఉపాయం. లక్ష లీటర్ల కోనేటిలో నిత్యం పుట్టే పాచికి అది చాలదు. పటిక నీటిలోని భాస్వరాన్ని పట్టి అడుగుకు దించగలదు కానీ, మా వంటి మెత్తని నీటిలో అది పులుపును పెంచుతుంది. ఆ పులుపు చేపలకు మళ్ళీ ప్రమాదం. ఒక తప్పు చేసినవాణ్ణి కనుక పటిక జోలికి పోలేదు.

"తిరుమలలో నీరంతా తీసి కడుగుతారు కదా, ఇక్కడ ఎందుకు చేయరు?" అని అడిగేవారున్నారు. తిరుమల స్వామి పుష్కరిణిని బ్రహ్మోత్సవాలకు ముందు ఏటా సుమారు ఒక నెల మూసి ఉంచుతారు. మొదటి పది రోజులు నీటిని తొలగించడానికి, తరువాతి పది రోజులు మరమ్మతులకు, చివరి పది రోజులు నీరు నింపి సిద్ధం చేయడానికి కేటాయిస్తారు. సుమారు కోటి లీటర్ల నీరు పట్టే ఆ పుష్కరిణిలో నీటిని శుద్ధిచేసి తిరిగి వాడే ఏర్పాటు, దానిని నిత్యం చూసుకొనే సిబ్బంది ఉన్నారు. అది వేలమంది పుణ్యస్నానం చేసే తీర్థం. మనది మొక్కలు, కప్పలు, తూనీగలు కాపురమున్న తోట కోనేరు. దీనిని ఏటా పూర్తిగా ఖాళీ చేస్తే పాచిని తినే సూక్ష్మజీవులు కూడా పోతాయి. కొత్తగా నింపిన నీరు కొద్ది వారాలలో మొదటికంటే పచ్చగా మారుతుంది. పూడిక తీసిన తరువాత ఈ చైత్రంలో మాకు అదే జరిగింది. నీరు మళ్ళీ పచ్చబడింది. అంతా వృథా అయిందని కొందరు అన్నారు, నాకూ రెండు రాత్రులు నిద్ర లేదు. ఏమీ వేయకుండా కర్రతో నాచు తీస్తూ, తోటకు నీరు తోడుతూ ఊరుకున్నాము. వైశాఖం చివరికి కలువలు ఆకులు పరిచాయి, నీటి రంగు విరిగింది. ఇప్పుడు నీటిలో మూడవ మెట్టు వరకు కనిపిస్తున్నది. అద్దంలా లేదు. సజీవమైన నీరు అద్దంలా ఉండదు కూడా.

ఇక దాతల విషయం. అడుగున, గోడలకు పలకలు పరిపిస్తామని ఒకరు, రంగురంగుల ఫౌంటెన్ పెట్టిస్తామని ఒకరు దయతో ముందుకు వచ్చారు. ఫౌంటెన్ నీటిని కదిపి ప్రాణవాయువును అందిస్తుంది. అది మేలే, కానీ నీటిలోని ఆహారాన్ని అది తీయలేదు. పలకలు పరిస్తే అడుగున మొక్క నాటుకోదు, పాచి మాత్రం పలకపై కూడా పడుతుంది. అందువలన ఆ ఇద్దరికీ వినయంగా వద్దని చెప్పాము. ఇవ్వదలచినవారు ఫాల్గుణంలో పూడిక తీసే కూలీల వేతనానికి, వెదురు గంపలకు, గెడ్డ నుండి వచ్చే గొట్టం మరమ్మతుకు ఇవ్వవచ్చును. ఈ వస్తువుల మీద పేరు చెక్కడానికి చోటు లేదన్నది నిజమే. అభిషేకానికి పాలు తెచ్చేవారు ఎప్పటి వలెనే తేవచ్చు. చేపలకని మరమరాలు మాత్రం తేవద్దు.

తేవడానికి ప్రస్తుతం చేపలు కూడా లేవు. మళ్ళీ ఎప్పుడు వదులుతారని బడిపిల్లలు ప్రతి సోమవారం అడుగుతున్నారు. ఈ వానలు గడిచి, ఆశ్వయుజంలో తెల్లవారుజామున వరుసగా పది రోజులు నేను గట్టు మీద కూర్చొని నీటిని చూస్తాను. దుర్వాసన, తెట్టు లేకుండా ఉంటే అప్పుడు కొద్ది చేపపిల్లలను తెచ్చి, వారి చేతనే వదిలిస్తానని మాట ఇచ్చాను.